నడివయస్సున పందెము

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 9:24–27; గలతీయులకు 6:1–5

పశ్చిమ బెంగాలు రాష్ట్రములోని ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనుకు ఒక కాలమున గొప్ప పేరుండెను. దాని ప్లాట్‌ఫారము పొడవు 1,072.5 మీటర్లు. లోకములో అంతకంటె పొడవైనది లేదని బడిపిల్లలు సహితము వల్లించుచుండిరి. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారము 1,366 మీటర్లకు పెరిగి ఆ పేరును తీసికొనిపోయెను. పదేండ్లు నిండకమునుపే, 2023లో, హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూరును దాటిపోయెను. ఇంత జరిగినను ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము ఒక్క అంగుళమైనను కురుచ కాలేదు. బండ్లు ఎప్పటివలెనే వచ్చి ఆగుచున్నవి. జనులు ఎక్కుచు దిగుచు ఉన్నారు. పోయినది పేరు మాత్రమే, పని పోలేదు.

ఈ పట్టణము రైలు వలన పెరిగినది. 1902లో తూర్పుతీర రైలుమార్గపు ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పని వెదకికొనుచు ఆ దారిని వచ్చి ఇక్కడి వర్క్‌షాపులోను షెడ్డులలోను చేరిరి. వారి మనుమలును మునిమనుమలును నేడు మథురాకాటి మొదలగు పేటలలో కాపురమున్నారు. అట్టి కుటుంబములలో అనేకమంది పిల్లలకు బడిలో ఒక భాష, బజారులో మరియొక భాష. తెలుగు ఇంటిలో వినబడును. ఆదివారమున ఆరాధనలో చదువబడును.

రైల్వే పట్టణములలో తరతరములుగా సైకిలు ఒక పనిముట్టు. అది కార్మికుని షిఫ్టుకు చేర్చినది. బియ్యపు సంచి మోసినది. ముందు కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొని బడికి పోయినది. అట్టి సైకిలును ఒకడు నడివయస్సున పందెమునకు తీసినయెడల దాని అర్థమేమి? ఇది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు.

నలువదిమూడేండ్ల వర్క్‌షాపు ఫిట్టరు నొకనిని మనస్సున నిలుపుకొనవచ్చును. అతడు ఫలానావాడని వ్రేలుపెట్టి చూపదగినవాడు కాడు. అట్టివారు ప్రతి సంఘములోను ఉందురు. రక్తములో చక్కెర ఎక్కువైనదని వైద్యుడు హెచ్చరింపగా అతడు వేకువనే సైకిలు తొక్కుట మొదలుపెట్టెను. ఊరు దాటిన తరువాత వచ్చు 16వ నంబరు జాతీయ రహదారి అతని పూర్వికుల దేశమునకు పోవు దారియే. ఒక ఉదయమున కొందరు యువకులు అతనిని దాటిపోయిరి. అతడు ఓర్వలేక వారి వెనుకబడి తొక్కెను. ఆశ్చర్యమేమనగా, వారి వెనుక పోవుట తేలికగా ఉండెను. నలువది దాటినవారికి ప్రత్యేకముగా పందెములు కలవని వారే అతనికి చెప్పిరి. ఆరు నెలలలో అతడు నెల జీతమునకు మించిన ధర పెట్టి, పొట్టేలి కొమ్ములవలె వంగిన హ్యాండిలు గల రేసు సైకిలు కొనెను.

పందెములు తరచుగా ఆదివారము ఉదయముననే జరుగును. దారులు అప్పుడే ఖాళీగా ఉండును. అతనికి సెలవు దొరకు దినమును అదియే. కాని ఆ గంటలోనే, ఆరాధనకు ముందు, అతడు ఏండ్ల తరబడి పదిమంది పిల్లలకు మార్కు సువార్త పట్టుకొని తెలుగు అక్షరములు దిద్దించుచుండెను.

“ఏమండీ, ఈ ఆదివారము కూడానా?” అని భార్య అడిగెను. “పిల్లలు పుస్తకాలు పట్టుకొని వస్తున్నారు. మీరు లేరని చెప్పి పంపేస్తున్నాను.”

అతడు మాటాడలేదు. చక్రమునకు గాలి కొట్టుచుండెను.

ఇట్టి మనిషిని గూర్చి సంఘములో రెండు విధములైన తీర్పులు వినబడును. “ఈ వయస్సున ఇదేమి చోద్యము? ఇది గర్వము గాక మరేమి?” అని కొందరందురు. ప్రసంగి నాలుగవ అధ్యాయము వారికి తోడు నిలుచును. మనుష్యుని ప్రయాసకును నేర్పునకును పొరుగువానిపై గల అసూయయే మూలమని ఆ జ్ఞాని కనిపెట్టెను. “దేహము దేవుని ఆలయము గదా, దానిని కాపాడుకొనుట మంచిదే” అని మరికొందరందురు. ఈ ఇద్దరును ప్రశ్నను తప్పించుకొనుచున్నారు. ఆరోగ్యము కొరకైతే పందెమేల? వేకువ సవారి చాలును. గర్వమే అయినచో, చివరివాడుగా వచ్చునని తెలిసియు పేరు నమోదు చేసికొనువానిది ఏ గర్వము? తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో శరీర సాధకమునకు ప్రయోజనము కొంచెమే అని చెప్పబడెను, శూన్యమని చెప్పబడలేదు.

అపొస్తలుడైన పౌలు పందెములను దూరమునుండి విన్నవాడు కాడు. అతడు కొరింథులో ఏడాదిన్నర నివసించెను. ఆ పట్టణమునకు సమీపముననే రెండేండ్లకొకసారి ఇస్త్మియా క్రీడలు జరుగుచుండెను. గెలిచినవాని తలపై పెట్టునది పైన్ చెట్టు కొమ్మలతోనో సెలరీ ఆకులతోనో అల్లిన కిరీటము. కొన్ని దినములలో ఎండిపోవునది. ఆ కిరీటము క్షయమగునదని పౌలు చెప్పెను గాని, పరుగెత్తువానిని అపహసింపలేదు. వాడిపోవుదాని కొరకే ఒకడు ఇంత మితముగా జీవింపగలిగినయెడల, వాడనిదాని కొరకు విశ్వాసి ఎట్లు జీవింపవలెనని అడిగెను.

ఆ భాగములో తెలుగు అనువాదకులు ‘పందెము’ అను మాటను వాడిరి. తెలుగువాని చెవికి ఆ మాట వినబడగానే కోడిపందెమును, ఒడ్డిన సొమ్మును స్ఫురించును. ఈ ఛాయ గ్రీకు మూలములో లేదు. అయినను అది పాఠకునికి మేలే చేయుచున్నది. ఏలయనగా ప్రతి పోటీలోను ఏదో ఒకటి ఒడ్డబడును: డబ్బు, నిద్ర, బలము, కాలము. కావున పందెమునకు దిగువానిని అడుగదగిన మొదటి ప్రశ్న “గెలిచెదవా?” అని కాదు, “నీవు ఒడ్డినది ఎవరిది?” అని. ధర్మరాజు జూదములో తన సంపదను ఒడ్డుటకంటె ద్రౌపదిని ఒడ్డుట ఘోరమని తెలుగు దేశములో తెలియనివారు లేరు. ఫిట్టరు తన చెమటను, తన వేకువ నిద్రను ఒడ్డవచ్చును, అవి అతనివి. మార్కు సువార్త పట్టుకొని వాకిట నిలిచిన పిల్లల గంట అతనిది కాదు.

ఆదివారమనగానే క్రైస్తవ పాఠకులకు ఎరిక్ లిడ్డెల్ జ్ఞాపకమునకు వచ్చును. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో వంద మీటర్ల పందెపు తొలి పోటీలు ఆదివారము పడినవని అతడు ఆ పందెమును విడిచిపెట్టెను. తరువాత నాలుగు వందల మీటర్లలో 47.6 సెకండ్లకు గెలిచెను. ఆ గెలుపును అతని విధేయతకు ముట్టిన కూలియని బోధించుట పరిపాటి, అది సరికాదు. ఓడియున్నను అతని నిర్ణయము అంతే నిజమైనదై యుండును. అంతకంటె గమనింపదగినది అతని కడపటి కాలము. చీనాలో మిషనరీగా ఉండి యుద్ధకాలమున వైహ్సియన్ నిర్బంధ శిబిరములో చిక్కుకొని, 1945లో అక్కడనే మరణించెను. ఆ శిబిరములోని పిల్లలు ఆదివారమున ఆడుచు కొట్లాడుకొనుచుండగా, అతడే వారి ఆటకు మధ్యవర్తిగా నిలిచెనని అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. తన కీర్తి కొరకు ఆదివారమును ఒడ్డనివాడు పిల్లల కొరకు దానిని ఇచ్చివేసెను. రెండింటిలోను ఉన్నది ఒకే మనస్సు.

సైకిలు పందెమునకు ఒక విచిత్రమైన ధర్మము కలదు. చదునైన దారిలో వేగముగా పోవువానికి ముఖ్య విరోధి గాలి. వేగము రెండింతలైనచో గాలి అడ్డగింపు నాలుగింతలగును. దానిని జయించుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. ముందువాని వెనుక చక్రమునకు అతి సమీపముగా పోవువాడు తన శ్రమలో సుమారు నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు మూడవ వంతు తప్పించుకొనును. అందుచేత పోటీదారులే వంతులవారీగా ముందునకు వచ్చి, కొంతసేపు గాలిని రొమ్ముపై కాచి, ప్రక్కకు తొలగి వెనుక చేరుదురు. ఎన్నడును ముందునకు రాక పరుల చాటున దాగి, చివరి వంద మీటర్లలో దుమికి గెలుచువాడు నియమమును మీరలేదు. అయినను తోటివారు దానిని మరువరు. గొప్ప పందెములలో తాము గెలువబోమని తెలిసియే నాయకునికి గాలి కాయుచు, నీటి సీసాలు మోసి తెచ్చువారు ప్రతి జట్టులోను ఉందురు. ఫ్రెంచివారు వారికి పెట్టిన పేరునకు ఇంటి పనివాడని అర్థము.

గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో రెండు వచనములు ఒకదానికొకటి విరోధముగా కనబడును. ఒకరిది ఒకరు మోయవలెనని రెండవ వచనము. ఎవరిది వారే మోయవలెనని అయిదవ వచనము. గ్రీకులో మొదటిది ‘బారోస్’, అణగద్రొక్కునది. రెండవది ‘ఫోర్టియోన్’, ప్రతివాడు వీపున వేసికొను మూట. తెలుగు అనువాదకులు మొదటిదానికి ‘భారము’ అనియు, రెండవదానికి ‘బరువు’ అనియు వ్రాసి ఆ భేదమును నిలిపిరి. పెడలు తొక్కుట ప్రతివాని బరువు. ఎదురుగాలి అందరి భారము. ఆ ఉదయమున యువకులు తమకు తెలియకుండనే ఫిట్టరు భారమును మోసిరి. ఖరగ్‌పూర్‌లోని తెలుగు బిడ్డలకు గాలి మరియొక దిక్కునుండి వీచుచున్నది. తాతల భాషలో వాక్యమును చదువగలుగుట యేటేట కష్టమగుచున్నది. ఆ గాలికి ముందు నిలిచి తొక్కువాడు ఆదివారపు తరగతిలో అతడే. అతడు ప్రక్కకు తొలగినచో ముందునకు వచ్చువాడెవడు?

మరియొక అపాయమును పౌలు తన్ను గూర్చియే చెప్పుకొనెను. అతడు భయపడినది రెండవవాడుగా వచ్చుటకు కాదు, భ్రష్టుడగుటకు. అచ్చటి గ్రీకు మాటకు పరీక్షలో నిలువనివాడని, చెల్లని నాణెము వంటివాడని అర్థము. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగు కేన్సరు నుండి కోలుకొని 1999 మొదలు 2005 వరకు ఏడు సారులు టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచినవాడని లోకము కొనియాడెను. నిషిద్ధ ఔషధముల కారణముచేత 2012లో ఆ ఏడు బిరుదులును తీసివేయబడెను. అతని కాళ్లు ఆ దూరమును తొక్కలేదని ఎవరును అనలేదు. నాణెము చెల్లలేదని మాత్రమే చెప్పిరి. నడివయస్సు పందెగానికి అంత పెద్ద మోసము అవసరము లేదు. సైకిలు ధర ఇంటిలో తగ్గించి చెప్పుట, ఓవర్‌టైము ఉన్నదని చెప్పి దారికి పోవుట చాలును.

ఇట్లయినచో పందెమును విడిచిపెట్టవలెనా? అక్కరలేదు. ఫ్రాన్సు దేశస్థుడైన రాబర్ట్ మార్షాన్ 1911లో పుట్టెను. యౌవనమున సైకిలు తొక్కి, దానిని విడిచిపెట్టి, అరువది దాటిన తరువాత మరల పట్టుకొనెను. 2014లో, 102 ఏండ్ల వయస్సున, ఒక గంటలో 26.927 కిలోమీటర్లు పోయెను. 2017లో, 105 ఏండ్ల వయస్సున, 22.547 కిలోమీటర్లు పోయెను. నాలుగు కిలోమీటర్లకు పైగా తగ్గెను. అయినను ఆ వయస్సువారికి అదియే మొదటి లెక్క. ఓడించుటకు ప్రక్కన ఎవడును లేడు. అతడు 2021లో మరణించెను. గలతీ పత్రికలో ఆ రెండు వచనముల నడుమనున్న నాలుగవ వచనము ఇదే సంగతిని బోధించుచున్నది: ప్రతివాడు తన పనిని పొరుగువానితో పోల్చక పరీక్షించుకొనవలెను.

పందెము పెద్దవానికి ఇచ్చు నిజమైన మేలు ఇక్కడనే ఉన్నది. నలువది దాటినవాడు ఇంటిలో యజమానుడు, పనిలో అనుభవశాలి, సంఘములో పెద్ద. తాను క్రొత్తవాడై, నేర్వనివాడై, పదిమంది యెదుట వెనుకబడు స్థలము అతనికి అరుదుగా దొరకును. గీతను చివర దాటి, సిగ్గుపడక, ముందు దాటినవానిని మనస్ఫూర్తిగా అభినందింప నేర్చినవాడు అక్షరము దిద్దలేక తడబడు బిడ్డయెదుట ఓపికగల ఉపాధ్యాయుడగును. అట్లు కానియెడల ఆ పందెము అతనికి ఏమియు నేర్పలేదు.

ఫిట్టరు ఏమి చేయవలెనో చెప్పుట కష్టము కాదు; చేయుట కష్టము. ఆదివారము తప్ప సెలవు లేనివాడు ఆదివారమును విడిచినచో, అతనికి ఏడాదికి పండుగ సెలవులలో పడు ఒకటి రెండు పందెములే మిగులును. సాధన చాలదు, స్థానము ఇంకను వెనుకకు పోవును. ఆ నష్టము నిజమైనది. దానిని చిన్నదిగా చెప్పరాదు. కాని అది అతడు తనదానినుండి ఇచ్చునది. వేకువ దారి అతనికి మిగిలియే యుండును. ఆదివారము ఉదయమున రేసు సైకిలు గోడకు ఆనించియుండగా, లోపల పది చిన్న గొంతుకలు అక్షరము వెంట అక్షరము కూర్చుకొని సువార్తను చదువును.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము నేడు లోకములో మొదటిది కాదు. దాని మీద నిలిచి బండి కొరకు కనిపెట్టు ప్రయాణికుడు దాని పొడవు ఎంతయని అడుగడు. తన బండి అక్కడ ఆగునా అని మాత్రమే అడుగును.