ఆసనమునకు ఆశ్రయము – సాధనకు లోపమా?

మహబూబాబాద్ జిల్లాలోని నర్సింహులపేట తన పేరులోనే నృసింహ నామమును ధరించిన గ్రామము. అట్టి భక్తుల ఇండ్లలో వయసు మీరినవారిని ఒక సంకోచము బాధించుచుండును. మోకాళ్ళు వంగక, నడుము నిలువక, ధ్యానవేళ పీటనో గోడనో ఆశ్రయించినచో సాధనకు లోపము కలుగునా?

ఈ సంశయమునకు సమాధానము యోగనృసింహ మూర్తియందే కలదు. స్వామి మోకాళ్ళను చుట్టి యోగపట్టమను పట్టీని మలచుట శిల్ప సంప్రదాయము. సర్వలోకాధారుడైన స్వామికి పట్టీ ఏల? సాధకునకు మార్గము చూపుటకే అని భావింపవచ్చును.

ఆదిశేషుని అవతారముగా పెద్దలు కొలుచు పతంజలి, ఆసనము స్థిరముగను, సుఖముగను ఉండవలెనని సూత్రించెను. వ్యాసభాష్యము పద్మాసన వీరాసనాదులతోపాటు సోపాశ్రయమును గూడ పేర్కొన్నది. అది యోగపట్టముతో కూడిన ఆసనమని వాచస్పతిమిశ్రుడు వివరించెను. శరీరమును, మెడను, శిరస్సును సమముగా నిలుపవలెనని గీత 6వ అధ్యాయమున భగవానుడు బోధించెను. కావున సమస్థితి ముఖ్యము. ఆశ్రయము దానికి సాధనము.

ఈ మార్గమును మన కాలమున విస్తరింపజేసినవారు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో కర్ణాటకలోని బెళ్ళూరులో శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిన వీరు బాల్యమున మలేరియా, టైఫాయిడ్, క్షయ వ్యాధులచే కృశించిరి. బావగారైన తిరుమల కృష్ణమాచార్యుల వద్ద యోగము నేర్చిరి. 1975లో పుణేలో యోగసంస్థను నెలకొల్పి, 2014లో పరమపదించిరి. రోగులు, వృద్ధులు సైతము ఆసనములు వేయుటకు చెక్క దిమ్మెలు, పట్టీలు, దిండ్లు, కుర్చీలు, త్రాళ్ళు వినియోగించిరి.

దీని ప్రయోజనము సులభముగా గ్రహింపవచ్చును. మడచిన దుప్పటిపై కూర్చున్నచో నడుము నిటారుగా నిలుచును, మోకాళ్ళపై ఒత్తిడి తగ్గును. చేయి నేలకు అందనప్పుడు దిమ్మెపై ఉంచినచో వెన్ను వంకర పోదు. శ్వాస సాఫీగా సాగును. మనస్సు నొప్పిని విడిచి నామమునందు నిలుచును. అయితే మోకాలి బాధలు, వెన్ను బాధలు గలవారు వైద్యుని, అనుభవజ్ఞుడైన గురువును సంప్రదించియే ఆరంభింపవలెను.

ఇక్కడ రెండు దోషములు పొంచియుండును. సాయము వలదను అహంకారము మొదటిది. సాయమునే సాకుగా జేసుకొను అలసత్వము రెండవది. మేలుకొని జపించుటకైన దిండు ఆశ్రయము. కునుకు తీయుటకైనచో అది వట్టి దిండే.

తన శక్తి చాలదని ఎరిగి స్వామిని ఆశ్రయించుటయే శరణాగతి. శ్రీవైష్ణవునకు ఆశ్రయించుట సిగ్గుచేటు కాదు, స్వరూపము. ముదిమిలో పీటపై కూర్చుండి నామము జపించు భక్తుడు సంకోచము విడుచుగాక! ఆతని ఇంటివారు ఆ పీటను ఆదరముతో వేయుదురుగాక!