పురుషోత్తముని స్త్రీరూపము

గోదావరీ తీరప్రాంతమున ఆత్రేయపురము చెంతగల ర్యాలి క్షేత్రమున శ్రీ జగన్మోహినీ కేశవస్వామి వెలసియున్నాడు. ఒకే శిలయందు ముందువైపు శంఖచక్రధారియైన కేశవుడు, వెనుకవైపు కొప్పుముడి దాల్చిన మోహిని గోచరింతురు. ఎదుట మ్రొక్కి మరలినవానికి సగము దర్శనమే ప్రాప్తించును.

పరతత్త్వమును పురుషుడనియే భావించుట మనకు అలవాటు. శ్వేతాశ్వతరోపనిషత్తు మాత్రము పరమాత్మను స్త్రీగను, పురుషునిగను, కుమారునిగను, కుమారిగను భావించి స్తుతించినది. శైవులు అర్ధనారీశ్వరుని కొలుతురు. మనము లక్ష్మిని వక్షఃస్థలమున నిలిపికొన్న శ్రీనివాసుని కొలుతుము. ఆమెను విడిచి ఆయన లేడు.

మోహినీరూపము అసురులను వంచించుటకు పన్నిన ఉపాయము మాత్రమే గదా యని కొందరు శంకింపవచ్చును. భాగవతము అష్టమస్కంధమున ఆ ప్రయోజనము స్పష్టముగనే యున్నది. కాని సుదర్శనము చేతనున్న స్వామికి అమృతమును మరల గొనుటకు వేరు మార్గములు లేకపోలేదు. అయినను స్త్రీరూపమునే స్వీకరించెను; అది తన మహిమకు కొరతయని తలంపలేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో ఐదవనాటి ఉదయము మలయప్పస్వామి మోహినీ అలంకారమున పల్లకిలో వేంచేయును; ఆ రాత్రియే గరుడారూఢుడై దర్శనమిచ్చును. ఉదయము చేసిన నమస్కారము రాత్రి చేసినదానికంటె తక్కువ యగునా?

మరి ఆడశిశువు జనించినదని మొగము చిన్నబుచ్చుకొను గృహమున ఈ పూజకు అర్థమేమి? మోహినికి హారతి పట్టిన చేతులే కుమార్తె చదువునకు ధనము వెచ్చింప వెనుకాడవచ్చునా? స్త్రీపురుషులిరువురి నడుమ జనించినవారిని పరిహసించు నోట నారాయణనామము ఎట్లు నిలుచును?

ఈ విచారణ పురుషుల నడవడికిని వర్తించును. మన ఆచార్యులు భగవద్గుణములలో ప్రముఖముగ కీర్తించిన వాత్సల్యము, దూడపై ఆవునకుగల ప్రేమనుండి పుట్టిన మాట. పురుషోత్తమునికి భూషణమైన గుణము పురుషునికి లోపమెట్లగును? జ్వరపడిన బిడ్డచెంత రాత్రియంతయు మేలుకొన్న తండ్రి, వృద్ధమాతకు అన్నము కలిపి తినిపించిన కుమారుడు తమ పౌరుషమును కోల్పోరు. కుటుంబభారమును ధైర్యముతో మోయు స్త్రీయు తన స్త్రీత్వమును కోల్పోదు. నమ్మాళ్వారు పరాంకుశనాయికా భావమున స్వామికై విలపించెను. ఆళ్వారులలో ఆయననే మనము అగ్రగణ్యునిగా సేవించుచున్నాము.

స్త్రీపుంభేదము దేహమునకే గాని ఆత్మకు లేదని వేదాంతము బోధించును. ఈ మాటను ఆలకించుట సులభము. ఇంట పుత్రునికిని పుత్రికకును ఒకే ఆదరముతో వడ్డించుట కష్టము. ఆ సమబుద్ధిని దినదినము అభ్యసించు గృహస్థుల సేవను శ్రియఃపతి ప్రీతితో స్వీకరించుగాక!