ఉద్యోగం పరాయి దేశంలో, లెక్క అల్లాహ్ సన్నిధిలో



 

కొన్ని నెలల క్రితం జనగామలో జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎం.కాం. చదివి, హన్మకొండలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తున్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చాడు. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశంలో, పేదలకు చిన్న రుణాలిచ్చే ఫైనాన్సు సంస్థలో బ్రాంచి మేనేజరు ఉద్యోగం. ఇప్పటి జీతానికి నాలుగింతలు జీతం. ఉండటానికి ఇల్లు, ఏడాదికోసారి విమానం టిక్కెట్టు.

తండ్రి లేడు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు కావాలి. భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేసే మామూ "ఇందులో ఆలోచించేదేముంది? బయలుదేరు" అన్నారట. అమ్మీ మాత్రం రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు ఒకే ఒక్క మాట అడిగింది: "బేటా! అక్కడ నువ్వు చేసే పనేమిటి? అప్పులిచ్చి వసూలు చేయడమేనా?"

"ఏం జవాబివ్వాలో తోచలేదు జనాబ్" అన్నాడా అబ్బాయి.

సోదరులారా! ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి ఒకప్పుడు ఎక్కువగా గల్ఫ్‌కు మేస్త్రీలుగా, డ్రైవర్లుగా వెళ్లేవారు. ఇప్పుడు మన పిల్లలు బి.కాం., ఎం.బి.ఎ. చదువుతున్నారు. ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి ఫైనాన్సు ఉద్యోగాలు వారి తలుపు తడుతున్నాయి. కాబట్టి ఇలాంటి అవకాశాన్ని ఒక విశ్వాసి ఏ తూనికరాళ్లతో తూచాలో మనం తెలుసుకోవాలి.

ఆ తల్లి ఎందుకలా అడిగింది?

ఆమె పుట్టిల్లు మహబూబాబాద్ దగ్గరి ఒక పల్లె. ఈ మూడు ప్రాంతాలూ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు అన్నీ వరంగల్ జిల్లాలోవే. 2010 నాటి సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్లను గ్రూపులుగా కూర్చి, ఒకరికొకరిని జామీనుగా పెట్టి, వారం వారం వాయిదాల మీద అప్పులిచ్చారు. ఒకే ఇంటిమీద మూడు నాలుగు సంస్థల అప్పు పడింది. ఒకటి తీర్చడానికి ఇంకొకటి తీసుకున్నారు. వాయిదా తప్పితే గ్రూపులోని వాళ్లే వచ్చి వాకిట్లో కూర్చునేవారు. నిన్నటిదాకా కూరగిన్నె ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితి వచ్చింది. ఆత్మహత్యల వార్తలు పత్రికలకెక్కాయి. చివరికి 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దాన్ని చట్టం చేసింది. అసలును మించి వడ్డీ వసూలు చేయరాదన్నది అందులోని ఒక నిబంధన.

అసలుకు సమానంగా వడ్డీ వసూలు కావచ్చని ఆ చట్టం ఒప్పుకుంది. అల్లాహ్ ధర్మమైతే అసలు తప్ప ఒక్క పైసా ఎక్కువ తీసుకోవడాన్ని కూడా ఒప్పుకోలేదు. అంతేకాదు, అప్పు తీసుకున్నవాడు ఇబ్బందుల్లో ఉంటే అతను తేరుకునేదాకా గడువివ్వమని, మాఫీ చేస్తే ఇంకా మేలని బఖరా సూరాలో ఆదేశించింది. ఆ తల్లి ఈ ఆయతులన్నీ చదివిందో లేదో నాకు తెలియదు. కానీ వారం వాయిదా వస్తోందంటే ఇంట్లో పొయ్యి ఎలా చల్లారుతుందో ఆమె కళ్లారా చూసింది.

ప్రయాణం తప్పు కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఉపాధి కోసం ఊరు విడవడం, దేశం దాటడం ఇస్లాంలో తప్పు కాదు. భూమిని మీకు అనువుగా చేశాను, దాని దిక్కులన్నిటా తిరిగి నేనిచ్చే ఉపాధిని భుజించండని ముల్క్ సూరాలో అల్లాహ్ భావం. మక్కా నుంచి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి మదీనా వాసి హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దుఆ చేసి, బజారు ఎక్కడుందో చూపిస్తే చాలన్నారు. పరాయి ఊళ్లో వ్యాపారం చేసుకుని నిలదొక్కుకున్నారు.

ఇక హజ్రత్ యూసుఫ్ (అలైహి) చరిత్ర చూడండి. ఆయన తన ఊరికి దూరంగా ఈజిప్టులో చేపట్టిన బాధ్యతే ఒక రకంగా నేటి ఆర్థిక శాఖ. దేశ ధాన్యాగారాల అధికారం తనకప్పగించమని రాజును అడుగుతూ, తనలో రెండు గుణాలున్నాయని చెప్పారు: కాపాడే నిజాయితీ, పని తెలిసిన జ్ఞానం. ఏడు మంచి సంవత్సరాల పంటను దాచి, ఏడు కరువు సంవత్సరాల్లో ప్రజల ప్రాణాలు నిలబెట్టారు. ధాన్యం కోసం వచ్చినవారికి కొలత నిండుగా కొలిచారు.

అంటే లెక్కల పని నీచమైనది కాదు. పరదేశంలో ఆ పని చేయడమూ తప్పు కాదు. అయితే యూసుఫ్ (అలైహి) చేతిలోని లెక్క ఆకలిగొన్నవారికి అన్నం పెట్టింది. మన చేతిలోని లెక్క ఆకలిగొన్నవారి కంచం లాక్కునేది కాకూడదు.

లెక్క రాసినవాడికీ లెక్క ఉంది

"నేను వడ్డీ తినడం లేదు కదా, జీతం తీసుకుంటున్నాను" అని కొందరంటారు. కానీ వడ్డీ తినేవాణ్ని, తినిపించేవాణ్ని, దాని పత్రం రాసేవాణ్ని, దానికి సాక్షులుగా నిలిచేవారిని దైవప్రవక్త (స) శపించారనీ, వారంతా సమానులేనని చెప్పారనీ హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. బ్రాంచి మేనేజరు చేసేదేమిటి? అప్పు మంజూరు చేయడం, వడ్డీ పత్రం మీద సంతకం పెట్టడం, వసూలు లక్ష్యం చేరేలా కింది ఉద్యోగులను తరమడం.

"నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు" అనేది రెండో సాకు. కావచ్చు. అప్పుడు జవాబు చెప్పుకోవలసింది ఆ ఇంకొకరు. ప్రళయదినాన సంపాదన గురించి రెండు ప్రశ్నలుంటాయని హదీసు: ఎక్కడి నుంచి సంపాదించావు, ఎందులో ఖర్చు పెట్టావు? మన పాళీ మనమే చెప్పుకోవాలి.

"చెల్లెళ్ల పెళ్లిళ్లున్నాయి, అవసరం" అనేది మూడోది. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఆకలితో ప్రాణం పోయే పరిస్థితి వేరు, ధర్మం దానికి సడలింపు ఇచ్చింది. కానీ ఈ అవసరాన్ని ఎవరు పుట్టించారో నిజాయితీగా ఆలోచించండి. అల్లాహ్ మహర్‌ను వరుడి మీద పెట్టాడు. జహేజ్ భారాన్ని ఆడపిల్ల అన్న నెత్తిన పెట్టింది మనం. లక్షల జహేజ్ అడిగే ఇల్లు, మోటారు సైకిల్ కోరే అల్లుడు, ఫంక్షన్ హాలు లేనిదే పరువు పోతుందనుకునే పెద్దలు, వీరంతా ఆ యువకుణ్ని హరామ్ వైపు నెడుతున్నవారే. తప్పు అతని ఒక్కడి ఖాతాలోనే పడుతుందనుకోవడం పొరపాటు.

ఏ ఉద్యోగం ఎలాంటిది?

ఫైనాన్సు ఉద్యోగాలన్నీ ఒకటి కావు. సరుకు అమ్మే కంపెనీలోనో, ఫ్యాక్టరీలోనో, ఆసుపత్రిలోనో లెక్కలు రాయడం, ఆడిట్ చేయడం మౌలికంగా ధర్మసమ్మతమైన పని. అలాంటి కంపెనీకి బ్యాంకు అప్పుండి, ఖాతా పుస్తకంలో వడ్డీ పద్దు అప్పుడప్పుడు రాయవలసి వస్తే ఆ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. మీ పని వివరమంతా చెప్పి నమ్మకమైన ముఫ్తీని అడగండి. కానీ వడ్డీకి అప్పులివ్వడమే వృత్తిగా గల సంస్థలో ఆ అప్పులిచ్చే పని స్పష్టమైనది.

దారులు మూసుకుపోలేదు. బంగ్లాదేశ్‌లో ఇస్లామీ బ్యాంక్ 1983లో, కెన్యాలో గల్ఫ్ ఆఫ్రికన్ బ్యాంక్ 2008లో, టాంజానియాలో అమానా బ్యాంక్ 2011లో, నైజీరియాలో జైజ్ బ్యాంక్ 2012లో షరీఅత్ పద్ధతిలో నడుస్తామని చెప్పి పని ప్రారంభించాయి. బోర్డు మీద పేరు చూసి ఆగిపోకుండా, వారి ఒప్పందాలు ఎలా ఉంటాయో అక్కడా అడిగి తెలుసుకోవాలి.

కాగితం మీద సంతకానికి ముందు

ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (స) బోధన. కాబట్టి ప్రాపంచిక జాగ్రత్త కూడా దీన్‌లో భాగమే.

మొదటిది, పిలిచేదెవరు? 2024లో విశాఖపట్నం ప్రాంతం నుంచి డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లిన యువకులను బంధించి, వారి చేత సైబర్ మోసాలు చేయించిన ఉదంతం బయటపడింది. అలాంటి చోట మనిషి తాను మోసపోవడమే కాదు, పరుల సొమ్ము దోచే పాపంలోకి కూడా నెట్టబడతాడు. కంపెనీ నిజమైనదో కాదో ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని అడగండి. విదేశాంగ శాఖలో నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. లక్షలు అడిగేవాడి గడప ఎక్కకండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చనే మాట నమ్మకండి.

రెండోది, జీతం ఏ డబ్బులో? నైజీరియాలో 2023 జూన్‌కు ముందు డాలరుకు దాదాపు 460 నైరాలుండేవి. 2024 ఫిబ్రవరి నాటికి 1,500 దాకా పోయింది. నైరాల్లో జీతం తీసుకుని ఇంటికి పంపేవారి చేతికి అంతకు ముందు వచ్చినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. కాగితం మీది అంకె చూసి చెల్లెలి పెళ్లి ముహూర్తం పెట్టుకోకూడదు.

మూడోది, వెనక ఉండేదెవరు? వృద్ధురాలైన తల్లి మందులు ఎవరు తెస్తారు? దైవమార్గంలో పోరాడేందుకు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని ప్రవక్త (స) నీ తల్లిదండ్రులు ఉన్నారా అని అడిగి, ఉన్నారనగానే వారి సేవలోనే శ్రమించమన్నారు. తల్లి సంతోషంగా పంపితే ఆ ప్రయాణంలో బర్కత్ ఉంటుంది.

ఇవన్నీ చూసుకున్నాక పెద్దలతో మష్వరా చేయాలి, ఆపై ఇస్తిఖారా చేయాలి. రెండు రకాతులు చదివి, ఈ పని నా దీన్‌కు, నా బతుకుకు, నా పర్యవసానానికి మేలైతే సులభం చేయి, కీడైతే నా నుంచి తప్పించమని అల్లాహ్‌ను వేడుకోవడమే ఇస్తిఖారా. కల కోసం ఎదురుచూడటం దాని షరతు కాదు. ఒక్క సంగతి మాత్రం మరువకండి: ఇస్తిఖారా రెండు హలాల్ దారుల మధ్య ఎంపిక కోసం. హరామ్ అని స్పష్టంగా తెలిసినదానికి ఇస్తిఖారా లేదు.

ఆ యువకుడు ఏం చేశాడు?

తన పని వివరం రాసి పంపమని సంస్థకు ఉత్తరం రాశాడు. మహిళా గ్రూపులకు రుణాలు, వారం వారం వసూళ్లు, బాకీ పడినవారి ఇళ్లకు వెళ్లడం అని జవాబొచ్చింది. దాన్ని అమ్మీకి చదివి వినిపించాడట. ఆమె, "అక్కడ కూడా ఒక అమ్మ ఉంటుంది బేటా" అన్నదట. మరునాడు వద్దని రాసేశాడు.

ఆ తర్వాత గొప్ప ఉద్యోగం వచ్చిపడిందని చెప్పలేను. ఇంకా ఆ ఆడిటర్ దగ్గరే ఉన్నాడు. మామూ కొన్నాళ్లు మాట్లాడలేదు. పెద్ద చెల్లెలి సంబంధం ఒకటి జహేజ్ దగ్గర ఆగిపోయింది. వ్యాపార సంస్థల్లో లెక్కల ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నాడు, ఆఫ్రికాకైనా సరే. దైవభీతి గలవానికి అల్లాహ్ దారి చూపుతాడని, ఊహించని వైపు నుంచి ఉపాధినిస్తాడని తలాఖ్ సూరాలో వాగ్దానం ఉంది. ఆ వాగ్దానంలో తేదీ లేదు. తేదీ తెలియకపోయినా నమ్మడమే ఈమాన్.

అయితే ఆ అబ్బాయిని అలా ఒంటరిగా నమ్మకంతో వదిలేసి మనం ఇంటికి వెళ్లిపోవచ్చా? అతనికి హలాల్ ఉద్యోగం చూపగల వ్యాపారి మన సఫ్ఫులోనే నిలబడి ఉన్నాడు. జహేజ్ లేకుండా ఆ ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకోగల తండ్రి కూడా మన సఫ్ఫులోనే ఉన్నాడు. బహుశా అల్లాహ్ చూపే దారి మన చేతుల మీదుగానే రావాలేమో!

ఓ అల్లాహ్! మా పిల్లలకు హలాల్ ఉపాధిని ప్రసాదించు. హరామ్‌ను వదిలినవారి నిరీక్షణను సుదీర్ఘం చేయకు. వారికి ఆసరా అయ్యే సద్బుద్ధి మాకివ్వు. ఆమీన్.