కొడుకు పరుగు – తల్లి హక్కు

రోగగ్రస్తురాలైన తల్లి పేరిట కొడుకు మారథాన్ పరుగెత్తి, బంధుమిత్రులవద్ద చందాలు పోగుచేసి, ఆమెవంటి రోగులను ఆదుకునే సంస్థకు ఇస్తే అది మంచి పనేనా? మంచిదే అని వెంటనే అంటాం. కాని పనిలోని మంచిని ఒప్పుకోవటం వేరు. ఆ పని అవసరమయ్యే పరిస్థితిని ఒప్పుకోవటం వేరు.

లండన్ మారథాన్‌నే తీసుకుందాం. 1981లో మొదలైన ఆ పందెంలో ఏటా వేలాదిమంది సామాన్యులు 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగెడతారు. ఎందరి చొక్కాలమీదనో ధర్మసంస్థ పేరు, దాని పక్కనే తల్లిదో తండ్రిదో పేరు ఉంటుంది. ఇంతవరకు ఆ పరుగులవల్ల పోగయిన విరాళాలు 100 కోట్ల పౌన్లు దాటాయి.

పరుగుకూ వైద్యానికీ సంబంధమేమిటి, డబ్బు ఊరికే ఇవ్వవచ్చుగదా అని హేతువాది అడగవచ్చు. తల్లి బాధను పంచుకోలేని కొడుకు తన ఒంటినైనా కష్టపెట్టుకోదలుస్తాడు. కాలినడకన తిరుమల ఎక్కే మొక్కు తెలిసిన మనకు ఇది వింత కాదు. పైగా మొక్కులో దేవుడితో బేరం ఉంది. ఇక్కడ ఫలితం తన తల్లికి అందకపోయినా మరొకరి తల్లికి అందుతుంది. ఆ మేరకు ఈ పరుగు ఒక మెట్టు పైనే ఉంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఆసుపత్రులు దాతల దయమీద బతకటం నాగరిక సమాజానికి తగదని 1946లో బ్రిటిష్ పార్లమెంటులో ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ వాదించాడు. నర్సులు చందాలకోసం వీధుల్లో తిరగటం ఆయనకు రోత పుట్టించింది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ అమలులోకి వచ్చి, వైద్యం పౌరుడి హక్కయింది. కాని నయంకాని రోగుల చివరి రోజుల బాధను తగ్గించే హాస్పిస్‌లు ధర్మసంస్థలుగానే పెరిగాయి. 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్స్ వీటికి మార్గదర్శి. నేటికీ ఇంగ్లండులో పెద్దల హాస్పిస్‌ల రాబడిలో ప్రభుత్వం ఇచ్చేది సుమారు మూడోవంతే. పురుడు హక్కట, ప్రశాంతంగా కన్నుమూయటం మాత్రం దానమట!

దానానికి మరొక లోపం ఉంది. పరుగెత్తినవాడి డబ్బు అతని తల్లికే చేరదు, నిజమే. కాని ఏ రోగానికి, ఏ ఊరి సంస్థకు డబ్బు చేరాలో నిర్ణయించేది పరుగెత్తే బిడ్డల ఓపిక, వారి మిత్రుల జేబులు. పిల్లలు లేని ముసలమ్మ ఉన్న పేటకు, స్నేహితులంతా తనవంటి కూలీలే అయిన కార్మికుడి ఊరికి ఆ ప్రవాహం సన్నగిల్లుతుంది. దానం ఆప్యాయతను అనుసరిస్తుంది. న్యాయం అవసరాన్ని అనుసరించాలి.

అందుచేత దానం వ్యవస్థ లోపాన్ని కప్పిపుచ్చుతుంది, దాన్ని ఖండించాలి అనే మిత్రులున్నారు. వారి సూత్రంలో సత్యం ఉంది. అయితే రోగి వ్యవస్థ మారేదాకా ఆగలేడు. ఈ రాత్రి నొప్పి ఈ రాత్రే తగ్గాలి. పరుగెత్తేవాణ్ణి పరిహసించటం అభ్యుదయం కాదు. అతని పక్కన నిలబడి, ఈ భారం నీ కాళ్లమీద ఎందుకు పడింది అని అతనితో కలిసి ప్రభుత్వాన్ని అడగటం మన పని.

తల్లి సంరక్షణ కొడుకు కాలిబలంమీద ఆధారపడని రోజున కూడా కొడుకులు పరుగెత్తవచ్చు. ఆనాడు ఆ పరుగు అచ్చంగా ప్రేమ అవుతుంది.