కొమ్మలు వేసినవాడు

కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి సూర్యాపేట దాటి విజయవాడ వైపు కారు నడుపుకుంటూ వెళ్తున్నాను. హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు మీద పచ్చి వేపకొమ్మలు కనిపించాయి. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. ఇంకాస్త ముందుకెళ్తే చెడిపోయిన లారీ, వెనక లైట్లు లేకుండా చీకట్లో కలిసిపోయి ఉంది. ఆ కొమ్మలు విరిచి వేసిన క్లీనరెవరో నాకు తెలీదు. వెనక ఎవరొస్తారో అతనికీ తెలీదు.

వాహనాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి గురించి ఈమధ్య చదువుతుంటే ఆ కొమ్మలే గుర్తొచ్చాయి. ఈ పద్ధతిలో ప్రతి బండీ తానెక్కడుందో, ఎంత వేగంతో ఎటు పోతోందో, బ్రేకు వేసిందో లేదో సెకనుకి సుమారు 10 సార్లు రేడియోలో చుట్టుపక్కల బళ్ళకి చెప్తూ ఉంటుంది. అనుకూలిస్తే 300 మీటర్ల దాకా వినిపిస్తుంది. మలుపు అవతలకీ, పొగమంచులోకీ, అంటే కన్ను చేరని చోటికి కబురు చేరుతుంది. బండి నంబరు, యజమాని పేరు అందులో ఉండవు. దొంగ కబుర్లు రాకుండా డిజిటల్ సంతకం మాత్రం ఉంటుంది. అమెరికా 1999లోనే దీనికోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ కేటాయించింది. 2020లో అందులో 45 వైఫై లాంటి అవసరాలకి మళ్ళించింది.

పేరు చెప్పుకోకుండా, ముక్కూమొహం తెలియనివాడి ప్రాణం కాపాడటం. ఇంతకన్నా మంచిపని ఏముంటుంది? నన్ను ఇబ్బంది పెట్టేది ఆ కబురు రానప్పటి నిశ్శబ్దం. కారు మోగలేదంటే ముందు ఏమీ లేదని నమ్మడం నాకు ఎన్నాళ్ళో పట్టదు. మరి రేడియో లేని సైకిలు? ఎడ్లబండి? రోడ్డు దాటుతున్న ముసలమ్మ? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో నూటికి అరవై మందికి పైగా ద్విచక్రవాహనాల మీద వెళ్ళేవాళ్ళూ, నడిచి వెళ్ళేవాళ్ళే.

అందరినీ కాపాడలేనప్పుడు కొందరినైనా కాపాడకూడదా అంటే, కాపాడాల్సిందే. చిక్కల్లా ఒకటే. ఇన్నాళ్ళూ ఆ ముసలమ్మకి ఉన్న రక్షణ నా కళ్ళు. యంత్రాన్ని నమ్ముకుని నేను చూపు సడలిస్తే, నాకు దొరికిన భద్రతకి మూల్యం ఆమె చెల్లిస్తుంది. ఆమెని ఎవరూ అడగలేదు. ఆమెకి దక్కిందీ ఏమీ లేదు.

ఒక కారు కెమెరాకి కనిపించిన పాదచారి గురించి మిగతా కార్లకి చెప్పే కబుర్లు కూడా ఇప్పుడు తయారవుతున్నాయి. రేడియో లేనివాళ్ళ తరఫున ఇంకొకరు మాట్లాడటం అది. నాకు నచ్చింది. వేపకొమ్మ కూడా అంతే, వచ్చేది కారా సైకిలా అని చూడదు, అందరికీ ఒకేలా కనిపిస్తుంది.

ఆ రాత్రి నేను ఆగలేదు. పక్కనుంచి తప్పించుకుని వెళ్ళిపోయాను. అతనికి కృతజ్ఞత చెప్పాలనే తోచలేదు. బహుశా ఇప్పుడు తీర్చగలిగిన బాకీ ఒకటే: కారు ఏమీ చెప్పనప్పుడు కూడా రోడ్డు వైపు చూడటం.