బంతి చేతిలో ఉన్నంత వరకే!

మన చీపురుపల్లి కనకమహాలక్ష్మి అమ్మవారి చల్లని చూపు మీ అందరి మీదా ఉండాలి.

మన అధికారం పని మీదే, ఫలితం మీద కాదు అని గీత రెండో అధ్యాయంలో కృష్ణ పరమాత్మ చెప్పాడు. వినని వాళ్ళు లేరు. కానీ ప్రమోషన్ చేజారిన రోజున ఆ మాట గుర్తుంటుందా? ఒక బౌలర్‌ని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బంతి చేతిలో ఉన్నంత వరకే అతని అధికారం. వదిలాక అది క్యాచ్ అవుతుందో, బౌండరీకి పోతుందో అతని చేతిలో లేదు.

మన హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌నే తీసుకోండి. మతం వేరైనా ధర్మం అందరికీ ఒకటే కదా. తండ్రి ఆటో నడిపేవారు. టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగి, 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. వెంటనే ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. అదే 2017 నవంబర్‌లో రాజ్‌కోట్‌లో తొలి అంతర్జాతీయ టీ20 ఆడితే, నాలుగు ఓవర్లలో 53 పరుగులు ఇచ్చుకున్నాడు. ఐపీఎల్‌లో దెబ్బతిన్నప్పుడు, పోయి మీ నాన్నతో ఆటో తోలుకోమని వెక్కిరించారు. 2020 అక్టోబర్‌లో కోల్‌కతా మీద 8 పరుగులకే 3 వికెట్లు తీస్తే ఆకాశానికెత్తేశారు. తిట్టైనా, పొగడ్తైనా బంతి చెయ్యి దాటాక వచ్చేదే!

అసలు పరీక్ష ఆ తర్వాతి నెలలో వచ్చింది. జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి కన్నుమూశారు. ఇంటికి వెళ్ళొచ్చని బోర్డు చెప్పింది. నాన్న కల నెరవేర్చమని తల్లి చెప్పింది. ఉండిపోయాడు. డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. హైదరాబాద్‌లో దిగగానే నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు.

ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. వికెట్లు పడ్డాయి కాబట్టి ఉండిపోవడం మంచిదైంది అనుకుంటే, గీత మనకి ఇంకా ఎక్కలేదన్నమాట. ఒక్క వికెట్టూ పడకపోయినా ఆ నిర్ణయం విలువ అంతే.

అలాగని గుండె రాయి చేసుకోమని కాదు. సిడ్నీలో జాతీయ గీతం పాడుతున్నప్పుడు సిరాజ్ కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు. అభిమన్యుడు పోయిన రాత్రి అర్జునుడూ ఏడ్చాడు. తెల్లారాక గాండీవం ఎత్తాడు. దుఃఖం ఉంటుంది, దాని పక్కనే కర్తవ్యమూ ఉంటుంది.

చీపురుపల్లిలో రైలెక్కి విశాఖకో, హైదరాబాద్‌కో, బెంగళూరుకో వచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు మనలో ఎంతమందో! అమ్మకి బాగోలేదని ఫోనొస్తే వెళ్ళాలా, ఉండాలా? సిరాజ్ ఉండిపోయాడని మనమూ ఉండిపోనక్కర్లేదు. ఎవరి ధర్మం వారిది. వెళ్ళడమే మీ ధర్మమైతే ఆ రాత్రికే రైలెక్కండి. మేనేజర్ ఏమంటాడో, అప్రైజల్ ఏమవుతుందో అన్నది ఫలితం. అది మీ చెయ్యి దాటిన బంతి.

అన్నట్టు, అలాంటి ఫోను వచ్చేదాకా ఆగకండి. ఇవాళ సాయంత్రం మీరే ఇంటికి ఫోన్ చెయ్యండి. ఆ బంతి ఇంకా మీ చేతిలోనే ఉంది.

జై శ్రీకృష్ణ!