మామిడి కింద తులసి

మా పెరటి బంగినపల్లి చెట్టుది నా కాపురం కంటే పెద్ద వయసు. ఏడాది పొడవునా ఆకు రాలుస్తూనే ఉంటుంది, బోడిగా మాత్రం ఎన్నడూ నిలబడదు. వేసవిలో దాని కింద మంచం వాల్చుకుంటే ఎంత హాయో, మొక్క వేస్తే అంత తంటా. చిన్న వానలకు చినుకు ఆకు దాటి కిందికి రాదు. వచ్చిన తడినైనా పైపైన పాకిన వేళ్లు లాగేస్తాయి.

నీడపట్టున కూర్చుని పూజ చేసుకోవచ్చని మా అత్తగారు అక్కడే తులసికోట కట్టించారు. తులసికేమో ఎండ కావాలి. పాపం, అది వెలుతురు వైపు సన్నగా సాగేది, ఆకు పాలిపోయేది. ఏటా కొత్త మొక్క తేవాల్సి వచ్చేది. "దాని రాత అంతేనే అమ్మాయ్" అనేవారు అత్తగారు. బీయే మధ్యలో ఆపేసి కాపురానికొచ్చిన నాకు ఆ మాట ఒక్క తులసికే అన్నట్టు వినిపించేది కాదు.

ఆవిడ పోయాక ఏడాదికి గానీ నాకు చెయ్యి రాలేదు. తులసిని కుండీలో పెట్టి తూర్పు గోడవారకు మార్చాను. రెండు నెలల్లో గుబురు కట్టింది. చెట్టు కింద వేళ్లు తెగకుండా సందుల్లో గుంటలు తీసి, మాగిన పేడ ఎరువు వేసి, తొలకరికి పసుపు, కంద పాతాను. రెండూ నీడకు ఓర్చుకునేవే. ఆరుబయట వేసినప్పుడు అంచులు మాడిన పసుపాకు ఇక్కడ నిగనిగలాడింది. అరకులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెరుగుతుంది, ఆ మానులకే మిరియాల తీగ అల్లుకుంటుంది. వాటినెవరూ జాలిగా చూడరు.

స్వధర్మమే మేలని గీత మూడో అధ్యాయంలోనూ, పద్దెనిమిదో అధ్యాయంలోనూ చెబుతుంది. పెట్టిన చోట పడి ఉండటమే దాని అర్థమని చిన్నప్పటి నుంచీ విన్నాను. పెరట్లో చూశాక ఆ అర్థం మీద నాకు నమ్మకం పోయింది. నీడ పసుపుకు స్వభావం. తులసికి నీడ మా వీలు. మా వీలుకే ధర్మమని పేరు పెట్టి, వాడిపోతే రాత అన్నాం.

అత్తగారి మీద కోపం లేదు. పదమూడో ఏట ఈ గడప తొక్కిన ఆవిడను, నీకు ఏ ఎండ కావాలమ్మా అని ఎవరూ అడిగి ఉండరు.